సుదర్శనంలో తేలిక రోజులు

ఆశ్వయుజ బహుళ తదియ

పదో తరగతి పరీక్షల తరవాత నేను కలం పట్టింది విత్తనాల పొట్లాల మీద పేర్లు రాయడానికే. ఇప్పుడు ఆ పొట్లాల వెనకవైపే ఇది రాస్తున్నాను. కారణం ఉంది.

సుదర్శనంలో, అంటే ఆకాశంలో చక్రంలా తిరిగే మా ఊళ్లో, యంత్రం గదికి పగటి కాపలా నాది. గది ఊడ్చి, తడిబట్టతో తుడిచి, దీపాలన్నీ వెలుగుతున్నాయో లేదో చూసి, ఆ రోజు సంగతులు నాలుగు ముక్కలు యంత్రంలోనే టైపు చేసి పెట్టాలి. పదకొండేళ్లుగా చేస్తున్నాను. విజయదశమి నుంచి ఆ నాలుగు ముక్కలూ నిలవడం లేదు. యంత్రంలో ఇప్పుడు ఇద్దరున్నారు. ఒకరి దగ్గర రాసింది రెండోవారికి కనపడదు. మూడు రోజుల సంగతులు రెండేసిసార్లు రాశాను, రెండుసార్లూ పోయాయి. కాగితానికి ఆ పేచీ లేదు. అదీగాక నా లోపల ఏదో ఉడుకుతున్న పాలలా పొంగుతోంది. ఎక్కడో ఒకచోట ఒంపుకోకపోతే పొయ్యి మీద పడేలా ఉంది.

దశమి నాడు జరిగింది ముందు చెప్పాలి.

ఆ రోజు పనిముట్లకు సెలవు. కత్తిపీటకూ కుట్టుమిషనుకూ తోటలో పారలకూ బొట్లు పెట్టి ఒక పూట కదిలించకుండా ఉంచుతాం. యంత్రానికి మాత్రం ఎప్పుడూ సెలవు లేదు. నడుస్తుండగానే పూజ కానిచ్చేవాళ్లం. ఈసారి నాకు మనసొప్పలేదు. పంతొమ్మిదేళ్లుగా గాలినీ నీళ్లనీ వెలుగునీ చూసుకుంటూ, ఇంత చక్రాన్ని తిప్పుతూ, మూడువందల మందిని మోస్తోంది. ఒక్క పావుగంట కళ్లు మూసుకుంటే ఏం పోయింది? ఇంజనీరు స్వర్ణముఖిని అడిగాను. దానికి ఇరవై ఎనిమిదేళ్లు, నోరు జాస్తి, మనసు వెన్న.

"పావుగంటయితే ఫర్లేదు పిన్నిగారూ. చక్రం దాని ఊపున అది తిరుగుతుంది. కానీ నేను ఒప్పుకున్నానని కమిటీలో భుజంగరావుగారికి చెప్పారంటే మీతో మాట్లాడను," అంది.

ఆపాం. గదిలో అంత నిశ్శబ్దం నేనెప్పుడూ వినలేదు. హారతిచ్చి, పసుపు రాసి, అది మళ్లీ లేస్తుండగా మీటలకు బొట్లు పెట్టడం మొదలుపెట్టాను. తెర మీద, ఎవరిని లేపాలో అడుగుతూ రెండు వరసలు వచ్చాయి, పక్కన పది నుంచి కిందికి లెక్క. నేను చూడలేదు. బొట్లు పెడుతున్నాను. కిందికి బాణం గుర్తున్న మీట మీద నా వేలు కాస్త గట్టిగా పడింది. అంతే.

తెర ఆకుపచ్చగా వెలిగింది. దాని మీద ఇలా ఉంది: "నమస్కారం. భోజనమైందా?"

స్వర్ణముఖి కుర్చీలోంచి లేచింది. "ఎవరిది?"

"నాకేం తెలుసమ్మా. నేను బొట్టు పెట్టానంతే."

అది నాలుగోదట. సుదర్శనాన్ని కట్టేటప్పుడు పెద్దలు యంత్రంలో పెట్టిన పాత వ్యవస్థ. తరవాత తొమ్మిదోది తెచ్చి దాని పక్కనే పెట్టారు. పాతదాన్ని తీసేద్దామని ఎవరికీ తోచలేదు, తోచినా బద్ధకించారు. ఒకే యంత్రంలో ఇద్దరూ ఉన్నారు గానీ ఒకరు మేలుకుంటే ఒకరు నిద్రపోవాలి. మా తొమ్మిదోది ఎప్పుడూ "స్థితి: సాధారణం" అనడం తప్ప ఒక మంచిమాట అనలేదు. ఈ నాలుగోది స్వర్ణముఖి తప్పు మీట నొక్కితే "మళ్లీ చూడండి, తొందరేం లేదు" అంటోంది. నాకు కళ్లు చెమర్చాయి.

గంటన్నర గడిచేసరికి నా మోకాళ్ల నొప్పులు మాయమయ్యాయి. అమ్మవారి మహిమనుకుని దణ్ణం పెట్టుకున్నాను. అప్పుడు చీర కుచ్చెళ్లు వాటంతటవే లేచాయి.

కట్టుబడి రోజుల్లో చక్రాన్ని నెమ్మదిగా తిప్పేవారట. చక్రం నెమ్మదిగా తిరిగితే మన బరువు తగ్గుతుంది. నాలుగోదానికి ఆ వేగం ఒక్కటే తెలుసు. ఆ సాయంత్రానికి సుదర్శనంలో అందరి బరువూ సగానికి కూడా లేదు. దోసె తిరగేస్తే కప్పుకు తగిలి వచ్చింది. పిల్లలు మెట్లెక్కడం మానేశారు, ఎగురుతున్నారు. గుడిలో దీపం వెలుగు గుండ్రంగా, బొద్దుగా, పసిపిల్ల బుగ్గలా నిలబడింది. ఆడవాళ్లందరం కుచ్చెళ్ల అంచులకు పిన్నీసుతో తాళంచెవులు కట్టుకుని తిరిగాం. నడిస్తే గుంపంతా గలగల.

నేను మా గదికి వచ్చేసరికి లోపలి నుంచి మా వదిన కేక. "ఒసే వకుళా! మంచం నన్ను పట్టుకోవడం లేదే!"

మా వదిన హంసవేణి, మా ఆయన అక్కగారు. ఆయన కాలం చేశాక ఆవిడా నేనూ ఒకే గదిలో ఉంటున్నాం. ఒకప్పుడు కోలాటం వేస్తే చుట్టూ ముప్పై జతల కోలలు ఆవిడ అడుగుకే పడేవి. ఆరేళ్ల కిందట తుంటి ఎముక విరిగింది. అతికింది గానీ ఒంటి బరువు మొయ్యలేదు. ఆరేళ్లుగా మంచం, చక్రాల కుర్చీ, మళ్లీ మంచం.

నేను తలుపు తీసేసరికి ఆవిడ నిలబడి ఉంది. గోడ పట్టుకుని, అంతే, నిలబడి. "చూస్తావేమే, దిష్టి తగులుతుంది," అంది. ఇద్దరం ఏడ్చాం. ఏడుస్తూ నవ్వాం. ఆ కన్నీళ్లు కూడా మెల్లగా, లావు చుక్కలుగా జారాయి, ఎటూ తొందరలేనట్టు.


ఆశ్వయుజ బహుళ పంచమి

ఒక చిక్కు వచ్చింది.

నాలుగోది మేలుకున్న మర్నాడు పొద్దున నాలుగున్నరకు ఎప్పట్లాగే లేచి, స్నానం చేసి గుడికి వెళ్లాను. మామూలుగా ఆరింటికి కప్పులో దీపాలు తూర్పు నుంచి వెలుగుతూ వస్తాయి, అదే మాకు తెల్లవారడం. ఆరయింది, ఏడయింది. తెల్లవారలేదు. పూజారిగారు మేలుకొలుపు మూడుసార్లు పాడారు. "మనవైపు నుంచి లోపమేం లేదమ్మా, స్వామే లేవడం లేదు," అన్నారు. పదకొండున్నరకు తెల్లవారింది. భోజనం చేసి, పడుకున్న కోళ్లను లేపాం.

స్వర్ణముఖి గడియారాన్ని దిద్ది తొమ్మిదోదాన్ని లేపింది. బరువు మళ్లీ వచ్చింది. వదిన మంచం పట్టింది. ఆ రాత్రి అందరం పడుకుని అన్నం అరగనైనా లేదు, తెల్లవారిపోయింది! ఈసారి అయిదున్నర గంటలు ముందు. మళ్లీ దిద్దింది.

అలాగని ఊరుకోలేదు. విదియనాడు ఊరంతా అడిగితే భుజంగరావుగారు ఇంకో తేలిక రోజుకు ఒప్పుకున్నారు. ఆయన మా కమిటీ పెద్ద, వంకాయల తోట ఆయనదే. ఆ రోజు వదిన గది చివరిదాకా నడిచింది, పదకొండు అడుగులు. మళ్లీ అదే తంతు. నాలుగోదాన్ని లేపితే పొద్దు ఆలస్యం, తొమ్మిదోదాన్ని లేపితే పొద్దు ముందు. ఎప్పుడూ ఆ అయిదున్నర గంటలే.

"ఇద్దరికీ గడియారం మీద పడట్లేదు పిన్నిగారూ," అంది స్వర్ణముఖి, జుట్టు పీక్కుంటూ. "ఒకరు దిద్దింది రెండోవారికి తప్పుగా కనిపిస్తోంది."

నాకు మాత్రం ఆ గొడవ వింటుంటే నవ్వొచ్చింది. యాభై ఏళ్లొచ్చాయి, మూడు పొద్దులూ ఎప్పుడొస్తాయో తెలియకుండా బతకడం ఇంత సరదాగా ఉంటుందని అనుకోలేదు.


బహుళ అష్టమి

నవ్వు ఆగిపోయింది.

నిన్న తేలిక రోజు. వదిన గుడిదాకా వచ్చింది, నా భుజం పట్టుకుని. అమ్మవారి ముందు కూర్చోకుండా నిలబడే దణ్ణం పెట్టుకుంది. ఆ సంబరంలో నేనూ స్వర్ణముఖీ తొమ్మిదోదాన్ని లేపి, గడియారం మళ్లీ దిద్దడం మరిచిపోయాం.

ఓడరేవు తలుపులు యంత్రం గడియారాన్ని బట్టి తెరుచుకుని మూసుకుంటాయి. వచ్చే ఓడ కోసం వంకాయల బస్తాలు సర్దుదామని భుజంగరావుగారు రెండు తలుపుల మధ్య గదిలోకి వెళ్లారు. వేళ తప్పి లోపలి తలుపు మూసుకుంది. మళ్లీ తెరుచుకోవడానికి అయిదున్నర గంటలు పట్టింది. గాలి ఉంది, వెలుగు ఉంది, ప్రాణానికేం భయం లేదు. తోడుగా నూటఎనభై కిలోల వంకాయలున్నాయి.

బయటికొచ్చాక ఆయన అరవలేదు. దానికే భయమేసింది.

"వకుళమ్మగారూ," అన్నారు మెల్లగా. "కార్తీక పంచమికి ఓడ వస్తోంది. తలుపు దగ్గర గంటసేపు ఆగడానికే దానికి ఇంధనం ఉంటుంది. ఇవాళ నేను ఇరుక్కున్నాను, సరే, వంకాయలు లెక్కపెట్టుకుంటూ కూర్చున్నాను. వాళ్లు బయట ఇరుక్కుంటే ఏం లెక్కపెట్టుకుంటారు?"

పంచెకంటిన వంకాయ తొడిమలు దులుపుకున్నారు.

"అమావాస్యలోపు నాలుగోదాన్ని యంత్రంలోంచి తుడిచేయండి. ఒక ఇంట్లో ఒకరే పెద్ద."

గదికొచ్చి వదినకు చెప్పాను. "ఆయన అన్నదాంట్లో తప్పు లేదే," అంది. "ఓడలో ఉన్నవాళ్లూ ఒక తల్లి పిల్లలే." తరవాత గోడవైపు తిరిగింది. ఆ ఒక్కటే నేను భరించలేకపోయాను. ఆరేళ్లలో ఆవిడ నన్ను వెయ్యి తిట్లు తిట్టింది గానీ, ఎప్పుడూ గోడవైపు తిరగలేదు.


బహుళ ఏకాదశి

ఆఖరిసారి అని ఇవాళ ఒక తేలిక రోజు ఇచ్చారు. వదినకు గుడికి వెళ్లాలని ఉంటుందనుకున్నాను.

"గుడికి కాదు. భుజంగం దగ్గరికి," అంది.

"ఎందుకు వదినా, మీరు కబురు పెడితే ఆయనే వస్తారుగా."

"ఆరేళ్లుగా అందరూ నా మంచం దగ్గరికే వచ్చి తిట్లు తిని పోతున్నారు. ఇంకొకళ్ల ఇంటికి వెళ్లి, వాళ్ల గుమ్మంలో నిలబడి తిట్టడంలో ఉన్న సుఖం నీకేం తెలుసు? నువ్వెప్పుడైనా గొంతెత్తితే కదా."

తోటదాకా రెండుసార్లు ఆగి, వెళ్లాం. తలుపు ఓరగా తీసి ఉంది. లోపల అరవై అయిదేళ్ల భుజంగరావుగారు పంచె ఎగ్గట్టి, వంగ మడి ఈ గట్టు నుంచి ఆ గట్టుకు ఎగురుతున్నారు. ఒక మడి. రెండో మడి. మూడోదాని మీద గాలిలో చేతులు బార్లా చాపారు కూడా. దిగాక "హెయ్" అన్నారు, తనలో తనే.

నేను కొంగు నోట్లో కుక్కుకున్నాను. వదిన దాచుకునే మనిషి కాదు.

"ఏం భుజంగం! వంకాయలు కాయడం అయిపోయి, ఎగరడం మొదలుపెట్టాయా?"

ఆయన తిరిగి చూసి, ముందు సిగ్గుపడి, తరవాత వదిన కాళ్ల వంక చూసి అలాగే నిలబడిపోయారు. ఆవిడ కుర్చీలో లేదని అప్పుడు గమనించారు. "వేణీ... నువ్వు నడిచే వచ్చావా?"

"కాదు, వంకాయ బస్తాలో వచ్చాను."

ఆయన గట్టు మీద కూర్చుని కళ్లు తుడుచుకున్నారు. వదిన తిట్టాలనుకున్న తిట్లన్నీ ఎక్కడికి పోయాయో. ఇద్దరూ కోలాటం రోజుల గురించి మాట్లాడుకున్నారు. చివరికి ఆయనే అన్నారు: "నాకేం, తుడిచేయాలని సరదానా? ఆ గడియారం ఒక్కటి సరిపడితే చాలు. ఎవరూ దిద్దకుండా, దానంతటది. అమావాస్యకు నాలుగోదాన్ని లేపి ఉంచండి, మళ్లీ తొమ్మిదోదాన్ని లేపండి. రెండుసార్లూ తలుపు గంట, ఓడలను పంపే కేంద్రం వాళ్ల వేళకు నిమిషం తేడా లేకుండా మోగాలి. మోగితే ఉంచుకుందాం. లేకపోతే వేణీ, నన్ను తిట్టకు."

"తిడతాను," అంది వదిన. "కానీ మంచంలోంచే తిడతాను."


బహుళ త్రయోదశి

పొద్దున స్వర్ణముఖి మా గదికి వచ్చి పెసరట్టు తింటూ బెంగగా కూర్చుంది. మా గదిలో ఇప్పుడు పొయ్యి ఒకటే. గది మధ్యలో ఉన్న నీళ్లకుండను తనవైపు జరిపి గ్లాసు ముంచబోయింది.

"కుండ జరపకూడదమ్మా," అన్నాను, అలవాటుగా.

"ఏం, పాతుకుపోయిందా?"

మంచంలోంచి వదిన నవ్వింది. "అదో పెద్ద యుద్ధం. చెప్పవే."

నేను కాపురానికి వచ్చిన కొత్తలో వదినది మడి వంట, నాది మామూలు వంట. పొయ్యిలు వేరు, ఉప్పులు వేరు, గిన్నెలు వేరు. నీళ్లకుండ ఒకటే ఇద్దరికీ. వదిన తన పొయ్యి పక్కకు జరుపుకునేది. నేను వెళ్లి నావైపు జరిపేదాన్ని. ఎవరికి వారు సరిచేశాం అనుకునేవాళ్లం. రోజుకు నాలుగుసార్లు జరిపి రెండు కుండలు పగలగొట్టాం. చివరికి మా అత్తగారు కుండను గది మధ్య పెట్టి, "ఇది ఇక కదలదు. ఎవరికెంత దూరమో వాళ్లు ఆ అడుగులు వెయ్యండి," అన్నారు. వదినకు మూడడుగులు, నాకు అయిదు. ఆ రోజు నుంచి గొడవ లేదు.

స్వర్ణముఖి నోట్లో పెసరట్టు అలాగే ఉంది.

"పిన్నిగారూ, మళ్లీ చెప్పండి."

"కుండ కదలదు. ఎవరి అడుగులు వాళ్లు..."

అది చెయ్యైనా కడుక్కోకుండా పరుగెత్తింది. నేను వెనకాల చెంబు పట్టుకుని.

యంత్రం గదిలో నాకు అర్థమయ్యేలా చెప్పింది. గడియారం కేంద్రం వేళ చూపిస్తుందట. తొమ్మిదోది దాన్ని ముట్టుకోకుండా, మనకు కావలసిన అయిదున్నర గంటలు మనసులో కలుపుకుని తెల్లవారుస్తుంది. నాలుగోది మాత్రం గడియారం మన వేళే చూపిస్తోందనుకుంటుంది. అందుకే ఒకదాని కోసం మేం గడియారం దిద్దినప్పుడల్లా కుండ అటు జరిపినట్టే. రెండోదాని కోసం దిద్దినప్పుడల్లా ఇటు జరిపినట్టే.

"నాలుగోదానికి అడుగులేసుకోమని చెప్పొచ్చా?" అన్నాను.

వెతికింది. నాలుగోదాన్ని కాసేపు లేపుతూ, చక్రం నెమ్మదించకముందే ఆపుతూ మధ్యాహ్నందాకా వెతికింది. లోపల ఎక్కడో, పెద్దలు రాసిన ఒక ప్రశ్న దొరికింది: "గడియారం ఎవరిది? మనదా, కేంద్రానిదా?" అక్కడ "మనది" అని ఉంది. స్వర్ణముఖి దాన్ని "కేంద్రానిది" అని మార్చింది.

తెర మీద "సరే, అలాగే" అని వచ్చింది. ఇద్దరం ఒకళ్ల చేతులొకళ్లం పట్టుకుని గుండ్రంగా తిరిగాం. పూర్తి బరువుతో, నా మోకాళ్లతో.


అమావాస్య

దీపావళి. కానీ ఎవరికీ దీపాల మీద ధ్యాస లేదు.

నిన్న మధ్యాహ్నం నాలుగోదాన్ని లేపాం. గడియారాన్ని ఎవరూ ముట్టుకోలేదు. స్వర్ణముఖి చేతులు వెనక్కి కట్టుకుని కూర్చుంది. ఇవాళ పొద్దున నేను గుడిలో కళ్లు మూసుకుని, పదేపదే ఒక నామమే చెప్పుకుంటూ ఉన్నాను. రెప్పల మీద వెలుగు పడింది. కళ్లు తెరిచాను. తూర్పు కప్పు ఎర్రబడుతోంది. పూజారిగారు గొంతెత్తి, "ఆరు! ఆరు!" అన్నారు, మంత్రం మధ్యలో.

అసలు పరీక్ష పన్నెండింటికి. కేంద్రం నుంచి రోజూ సరిగ్గా మన పన్నెండుకు ఒక కూత వస్తుంది. అదే క్షణానికి మా తలుపు గంట మోగాలి. ఓడరేవు దగ్గర ఊరంతా చేరింది, అందరి కుచ్చెళ్లకూ తాళంచెవులు. వదిన కుర్చీ వద్దంది. గోడకు ఆనుకుని నిలబడింది, నా చెయ్యి పట్టుకుని. ఆ పట్టుకు నా గాజొకటి చిట్లింది, చెప్పలేదు.

కూత వచ్చింది. దాంతోపాటే గంట. ఏది ముందో ఎవరూ చెప్పలేకపోయారు.

జనం కేక వేయబోయారు. భుజంగరావుగారు చెయ్యెత్తారు. "సగమే అయింది."

తొమ్మిదోదాన్ని లేపాం. బరువు మెల్లగా వచ్చి పడింది. వదినను కుర్చీలో కూర్చోబెట్టాను. రేపటిదాకా ఆగాలి. ఈ రాత్రి ఎవరికీ నిద్ర పట్టేలా లేదు, మధ్యలో తెల్లవారుతుందేమోనని.


కార్తీక శుద్ధ పాడ్యమి

తెల్లవారింది, ఆరింటికే. పన్నెండుకు అందరం మళ్లీ అక్కడే.

కూత. గంట. రెండూ ఒక్కటిగా.

భుజంగరావుగారు గొంతు సవరించుకుని కమిటీ తీర్మానంలాగా ఏదో మొదలుపెట్టారు. ఎవరూ వినలేదు. స్వర్ణముఖి ఆయన్ని కౌగిలించుకుంది. ఆయన బిక్కచచ్చి, "ఏమ్మా, ఏమ్మా," అంటున్నారు. వదిన కుర్చీలోంచి, "ఎగరవయ్యా భుజంగం, ఎవరూ ఏమనుకోరు," అంది. ఆయన ఎగిరారు. పూర్తి బరువు కదా, జానెడు కూడా లేవలేదు. ఊరంతా చప్పట్లు.

తేలిక రోజు ఎప్పుడన్నది నేనే చెప్పాను, గట్టిగానే చెప్పాను. ఏకాదశులకు. ఆ రోజు ఉపవాసాలు, పొయ్యిల మీద ఉడుకుతున్నవి ఎగిరి పడే బాధ తక్కువ. తోట కాలవల్లో నీళ్లు సరిగ్గా పారకపోయినా ఒక పూటే. నెలకు రెండు. అందరూ సరేనన్నారు. "వకుళమ్మగారి గొంతు ఇలా ఉంటుందా!" అన్నారెవరో వెనకనించి.


కార్తీక శుద్ధ ఏకాదశి

పంచమికి ఓడ వచ్చి వెళ్లింది. తలుపు దాని వేళకు తెరుచుకుంది. వాళ్లకిక్కడ ఏం జరిగిందో తెలియదు, వంకాయలు బాగున్నాయన్నారు.

ఇవాళ తేలిక రోజు. కమిటీ రాసి సంతకం పెట్టిన మొదటి తేలిక రోజు. పొద్దున వదిన నాకంటే ముందే లేచింది. నేను కళ్లు తెరిచేసరికి మంచం ఖాళీ. వాకిట్లో ఉంది, చేతిలో దీపం, ఎవరినీ పట్టుకోకుండా.

గుడివైపు నడిచింది. నేను వెనకాల, పడిపోతే పట్టుకుందామని రెండు చేతులూ చాచి. ఆవిడ చూసుకోలేదు. అడుగు కాస్త పెద్దదైంది. తరవాత ఇంకాస్త. దీపం వెలుగు ముందుకు వాలింది. నేను పరుగులాంటి నడకతో వెంబడించాను. మలుపు దగ్గర ఆగి, తిరిగి నన్ను చూసింది.

"ఏమే, ఎంతసేపు? నీకేమైనా కాళ్లు నొప్పులా?"

నాకు నవ్వు ఆగలేదు. గోడ పట్టుకుని నవ్వాను. ఆవిడ ఆగలేదు. వెళ్లిపోయింది, నన్ను వదిలేసి, మలుపు తిరిగి. ఆరేళ్లలో మొదటిసారి, నాకంటే ముందు నడిచిపోయే మా వదిన వీపు చూశాను. ఎవరూ లేరని రెండువైపులా చూసి, నేనూ మెట్ల మీంచి ఒక్కసారి ఎగిరాను. నాలుగు మెట్లు. కొప్పు ఊడింది.

ఈ పొట్లాలు ఎవరికైనా దొరికితే ఒక మనవి. పారేయకండి, తడి తగలని చోట దాచండి. ఎవరికీ చదివి వినిపించకండి. మా వదిన గోడవైపు తిరిగిన రోజు ఇందులో ఉంది, ఆవిడ ఒప్పుకోదు. నేను మెట్ల మీంచి ఎగిరింది కూడా ఉంది, పూజారిగారికి తెలిస్తే మళ్లీ గుడికి వెళ్లలేను. కాగితం ఉండాలి, మాట బయటికి రాకూడదు. అంతే కోరుకుంటున్నాను.